పాత కట్టెల స్టవ్ కొనే ముందు దాని కడుపులోకి చూడండి

నా మొదటి స్టవ్‌ని రంగు చూసి కొన్నాను. నిగనిగలాడే నల్లరంగు, మరక లేని తలుపు అద్దం. ఇంత శుభ్రంగా ఉంచుకున్నవాళ్లు వాడకం కూడా బాగానే చేసి ఉంటారనుకున్నాను. నలుగురం మోసుకొచ్చి బిగించుకున్నాం. మూడో రోజు తెల్లవారుజామున కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకుని బయటికి పరుగెత్తాం.

స్టవ్ చల్లారాక టార్చి వేసి చూస్తే వెనక పలకలో జానెడు పగులు. ఎవరో దాన్ని సిమెంటుతో పూడ్చి, పైన రంగు కొట్టేశారు. రెండు రోజుల సెగకే ఆ పూత రాలిపోయింది. మంట జోరుగా ఉన్నంతసేపూ పొగగొట్టం గాలిని పైకి లాగుతూనే ఉంటుంది కాబట్టి గదిలోకి ఏమీ రాలేదు. తెల్లవారేసరికి మంట పోయి బొగ్గులే మిగిలాయి, గొట్టం లాగే బలం తగ్గింది, విషవాయువు ఇంట్లోకి తిరిగింది. ఆ అలారం లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

తర్వాత మా ఇంటికొకటి, మా తమ్ముడి ఇంటికొకటి కొన్నాను. రెండూ పాతవే, రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. కాబట్టి పాతది వద్దని చెప్పను. దాన్ని ఇన్నాళ్లూ ఎలా కాల్చారో తెలుసుకుని కొనమంటాను. ఆ సంగతి ఎక్కువగా లోపలే కనిపిస్తుంది.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక కొలత తీసుకోండి: మీ చిమ్నీ లోపలి వెడల్పు. ఇప్పటి స్టవ్‌లలో చాలావాటికి పొగ పోయే రంధ్రం 6 అంగుళాలు. పాత పెద్ద స్టవ్‌లకు 8 అంగుళాలు ఉండటం మామూలే. ఎనిమిదంగుళాల స్టవ్‌ని ఆరంగుళాల గొట్టానికి కుదించి బిగిస్తే, కట్టె వేయడానికి తలుపు తీసిన ప్రతిసారీ పొగ మొహానికి కొడుతుంది. స్టవ్‌ని బట్టి చిమ్నీ మార్చాలంటే స్టవ్‌కి పెట్టినదానికంటే ఎక్కువ ఖర్చవుతుంది.

పెద్దదైతే ఇల్లంతా వెచ్చగా ఉంటుంది కదా అనుకుంటారు చాలామంది. మా తమ్ముడూ అదే అన్నాడు. చిన్న గదిలో పెద్ద స్టవ్ పెడితే ఉక్క భరించలేక స్టవ్‌లోకి గాలి పోయే దారి మూసేస్తాం. అప్పుడు కట్టె మండదు, పొగలు కక్కుతూ కుములుతుంది. ఆ పొగ చల్లటి గొట్టానికి తగిలి తారులా గడ్డకడుతుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. అది అంటుకుంటే చిమ్నీ మొత్తం మండుతుంది. మీ గదికి సరిపడా స్టవ్‌ని మంచి మంటతో కాల్చుకోవడమే అన్నివిధాలా క్షేమం.

ఇక చూడటానికి వెళ్లినప్పుడు. టార్చి, స్క్రూడ్రైవర్, కొలిచే టేపు, ఒక కాగితం, చిన్న చేతి అద్దం నా సంచిలో ఉంటాయి. ముందుగా వెనక పక్కన రేకు మీద కొట్టిన వివరాలు చదువుతాను. ఏ మోడలో, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో, గోడకు ఎంత దూరంలో పెట్టాలో అందులో ఉంటుంది. ఆ రేకు లేని స్టవ్‌కి అమెరికా అగ్నిరక్షణ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రకారం మండే గుణమున్న దేనికైనా 36 అంగుళాల దూరం కావాలి. గది మధ్యలో పెట్టినంత పని. చట్టం మాట కూడా ఉంది. అమెరికాలో కట్టెల స్టవ్‌ల పొగకు 1988లో పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ హద్దులు పెట్టింది, తర్వాత వాటిని ఇంకా బిగించింది. ఆరెగాన్ రాష్ట్రంలోనైతే ఇల్లు అమ్మేటప్పుడు, ధ్రువీకరణ లేని పాత స్టవ్‌ని తీసేయాల్సిందే. మీరుండే చోట నియమం ఏమిటో, ఇంటి బీమా కంపెనీ ఏమంటుందో డబ్బు ఇవ్వకముందే కనుక్కోండి.

తర్వాత తలుపు తీసి, బూడిద ఊడ్చేయమని అడగండి. బూడిద కింద పగుళ్లు దాక్కుంటాయి. టార్చి వెలిగించి లోపల పెట్టి, తలుపు మూసి, గది లైటు ఆర్పేయండి. చుట్టూ తిరిగి అతుకుల దగ్గర చూడండి. ఎక్కడ వెలుగు గీతలా కనిపిస్తే అక్కడ గాలి దూరుతుంది. పోత ఇనుము స్టవ్ అంటే పలకల్ని బోల్టులతో బిగించి, సందుల్లో వేడికి తట్టుకునే సిమెంటు నింపినది. ఆ సిమెంటు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి రాలుతుంది. పలకలన్నీ బాగుంటే విప్పి మళ్లీ బిగించుకోవచ్చు, కానీ అది ఓపికతో చేయాల్సిన పని. ఉక్కు రేకు స్టవ్‌లో ఆ బాధ లేదు. అందులో మూలల దగ్గర వెల్డింగ్ అతుకులు చూడాలి.

పోత ఇనుమును చెవితో కూడా పరీక్షించవచ్చు. లోపల పేర్చిన ఫైర్ బ్రిక్స్, అంటే వేడికి తట్టుకునే ఇటుకలు, వెనక ఆనుకోని చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. బాగున్న పలక ఖంగున మోగుతుంది. పగిలినది మొద్దుగా, సద్దు చచ్చినట్టు పలుకుతుంది. రెండో స్టవ్ కొనేటప్పుడు ఒకే స్టవ్‌లో కుడి పలక మోగి, ఎడమ పలక మోగలేదు. వంగి, అద్దం పెట్టి చూస్తే బోల్టు రంధ్రం నుంచి వెంట్రుకంత గీత. అది వదిలేసి వచ్చాను. ఎక్కడైనా ఒక్కచోటే కొత్త రంగో, కొత్త సిమెంటో కనిపిస్తే మాత్రం అక్కడే ఆగి, స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం గీకి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

లోపల పై భాగంలో, మంటకూ గొట్టానికీ మధ్య అడ్డంగా ఒక పలక ఉంటుంది. మంటను తిప్పి పంపే పలక అది. అన్నిటికంటే ఎక్కువ వేడి తినేది అదే. మధ్యలో కుంగినా, వంకర తిరిగినా ఆ స్టవ్‌ని హద్దు మీరి కాల్చారని అర్థం. పైపలక తెల్లగా పాలిపోయినా అదే సంగతి. అడ్డపలక ఒక్కటే పాడైతే ఆ మోడల్‌కి ఇంకా దొరుకుతుందేమో వాకబు చేయండి. ఒంటికే వంకర వస్తే వద్దు. కొన్ని స్టవ్‌లలో పొగను మళ్లీ మండించడానికి తేనెపట్టులాంటి కాటలిటిక్ దిమ్మె ఉంటుంది. అది కొంతకాలానికి అరిగిపోయే వస్తువు. దాని రంధ్రాలు పూడుకుపోయినా, పెళుసై విరుగుతున్నా కొత్తదాని ధర బేరంలో కలుపుకోండి.

తలుపు చుట్టూ ఉండే సీలు తాడుకి కాగితం చాలు. సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు బిగించి, మెల్లగా లాగండి. గట్టిగా పట్టుకుంటే సరే, జారి వచ్చేస్తే ఆ చోట పట్టు లేదు. నాలుగు వైపులా, బందుల వైపు కూడా చూడండి. తాడు మార్చడం సులువే. అయితే చాలా పాత స్టవ్‌లలో ఆస్బెస్టాస్ తాడు ఉండొచ్చు. అనుమానంగా ఉంటే చేత్తో పీకొద్దు, గీకొద్దు. తెలిసినవాళ్లకు అప్పగించండి.

చీలిన ఫైర్ బ్రిక్స్, పగిలిన తలుపు అద్దం, పైపై తుప్పు, ఇవన్నీ సరిచేసుకోవచ్చు. అద్దం మాత్రం స్టవ్‌ల కోసం చేసే సిరామిక్ రకమే వేయించాలి. మామూలు గాజు వేడికి పగులుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గుంట పడేంత తుప్పుంటే అది పైపై తుప్పు కాదు.

వీలైతే మండుతుండగా చూడమని నా సలహా. గాలి మీట తగ్గిస్తే కాసేపటికి మంట మెల్లగా తగ్గాలి. ఎంత మూసినా ఉవ్వెత్తున మండుతూనే ఉంటే ఎక్కడో గాలి దూరుతోంది.

ఇంటికి తెచ్చే ముందు ఇటుకలు, తలుపు, లోపలి పలక విప్పండి, సగం బరువు తగ్గినట్టుంటుంది. బిగించే ముందు చిమ్నీ శుభ్రం చేయించి, లోపల తనిఖీ చేయించండి. పడుకునే గది దగ్గర ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఒక పొగ అలారం పెట్టండి. కట్టెల్లో తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి. చిన్న మీటరుతో చూసుకోవచ్చు, అప్పుడే చీల్చిన ముక్క లోపలి వైపు గుచ్చి చూడాలి.

మా తమ్ముడి స్టవ్‌ని మొదట ఆరుబయటే వెలిగించాం. కింద ఇటుకలు పేర్చి, పైన రెండు మూరల గొట్టం తగిలించి, చితుకులతో చిన్న మంట వేశాం. మొత్తం చల్లారాక మళ్లీ కాస్త పెద్ద మంట, ఇలా మూడుసార్లు. కొత్త రంగు వాసనంతా గాలికి పోయింది. మూడోసారి చల్లారాక టార్చి పట్టుకుని అతుకులన్నీ మళ్లీ చూశాం. ఎక్కడా గీత లేదు. అప్పుడే లోపలికి మోశాం.