ముందు గిన్నె తిరగేసి చూడు

పోయిన నెల కడపకు వెళ్లినప్పుడు వైవీ స్ట్రీట్‌లో ఒక గిన్నెల అంగడిలో ఓ తల్లీకొడుకులు కనబడ్డారు. పిల్లోడు ఎం.ఎస్. చదవడానికి డాలస్ వెళ్తున్నాడంట. ఆమె ఒక్కో గిన్నెనూ వేలితో టంగుమని కొట్టి, మందం చూసి, పక్కన పెట్టిస్తోంది. సంగటికని అల్యూమినియం గిన్నె, గుండ్రటి అడుగున్న ఇనుప బాణలి, కరెంటు రైస్ కుక్కర్. పిల్లోడేమో ఫోన్‌లో ఉన్నాడు. నా నోరు ఊరుకోలేదు. "ఆ బాణలి అక్కడి పొయ్యి మీద నిలబడదమ్మా" అన్నా. "ఇనుముది నిలబడకపోవడమేంది నాయనా?" అనింది. అంగట్లో నిలబడి చెప్పలేకపోయిందంతా ఇప్పుడు రాస్తున్నా.

నేను అమెరికా వచ్చినప్పుడు కూడా ఇదే కథ. మా అమ్మ కొనిచ్చిన కుక్కర్ మొదటి రోజే పెట్టా. లైటు వెలిగింది. గంట గడిచినా బియ్యం నానినట్టే ఉంది. మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. వోల్టేజీ సగానికి పడితే వేడి పావు వంతుకు పడిపోతుంది. 700 వాట్ల కుక్కర్ ఇక్కడ 190 వాట్లే ఇస్తుంది. దాంతో అన్నం ఏం ఉడుకుతుంది? మిక్సీదీ అదే గతి. ఆ రెండూ ఇక్కడే కొనుక్కో, పెట్టెలో ఊరిబిండికి చోటు మిగులుతుంది.

ఇక అసలు విషయం, అడుగు. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో గ్యాస్ మంట ఉండదు. నున్నటి గాజు పలక, దాని కింద ఎర్రగా కాలే తీగ. గిన్నె అడుగు ఆ పలకకు ఎంత అంటుకుంటే అంత వేడి. గుండ్రటి బాణలికి నడుమ రూపాయి బిళ్లంత చోట కాలుతుంది, చుట్టూ చల్లగా ఉంటుంది. తిరగవాత వేస్తే నడుమ ఆవాలు మాడతాయి, అంచున చెనిక్కాయలు పచ్చిగా ఉంటాయి. అందుకే అంగట్లో మూత తర్వాత చూడు, రంగు అసలే చూడొద్దు. గిన్నె బోర్లించి అడుగు మీద స్టీల్ స్కేలు నిలబెట్టు. కింద నుంచి వెలుతురు కనబడిందా, పక్కన పెట్టేయ్. సిగ్గుపడొద్దు, డబ్బు నీది.

కొన్ని ఇళ్లలో అదే గాజు పలక కింద ఇండక్షన్ ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే, అక్కడే మోసపోతారు. ఇండక్షన్ పొయ్యి అయస్కాంతం అంటుకునే గిన్నెనే వేడి చేస్తుంది, కాబట్టి దాని మీద అల్యూమినియం, రాగి, ఇత్తడి పనిచేయవు. స్టీల్ గిన్నెల్లోనూ 18/8 (అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్) అని రాసి ఉన్నవాటికి చాలావరకు అయస్కాంతం అంటదు, అడుగున వేరే పొర వేసి ఉంటే తప్ప. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లు. అడుక్కు గట్టిగా అంటుకుంటేనే కొను. ఇల్లు ఖాయం కాకముందే గిన్నెలు కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి, గాజు మీద గిన్నె ఈడ్చొద్దు, ఎత్తి పెట్టు. ఒక ఉగాదికి ఓళిగల పూర్ణం ఉడుకుతుంటే బెల్లం పాకం పొంగి పలక మీద పడింది. ఆరాక గీకుదాంలే అనుకున్నా. గీకితే పాకంతో పాటు గాజు పెచ్చు కూడా లేచొచ్చింది. ఖాళీ చేసేటప్పుడు అపార్ట్‌మెంట్ వాళ్లు డిపాజిట్‌లో కోసేశారు. పాకం వేడిగా ఉన్నప్పుడే, చేయి కాలకుండా, బ్లేడు గీకుడుతో తీసేయాలి.

బరువు సంగతి కూడా చూడు. పది అంగుళాల పోత ఇనుప పెనం రెండు కిలోల పైనే ఉంటుంది. దోసెలు బాగానే వస్తాయి, కానీ రాత్రి పదింటికి పనినుంచి వచ్చి ఒక్క చేత్తో ఎత్తి తోమగలవా? గిన్నెకు లీటరు నీళ్లు పడితే ఇంకో కిలో కలుపుకో. రెండు పక్కలా పిడులుంటే మేలు.

సంగటి మాత్రం గాజు మీద గెలకొద్దు. పిండి ఉడికాక దించి, నేల మీద మడిచిన టవల్ వేసి, గిన్నెను పాదాల మధ్య అదిమి తెడ్డుతో గెలుకు. మా రూమ్‌మేట్లు మొదట నవ్వారు, తర్వాత ముద్దల కోసం వరసలో నిలబడ్డారు.

ప్లేట్లు, గ్లాసులు ఏవైనా పర్లేదు. స్టీల్‌వి మైక్రోవేవ్‌లో పెట్టకు, అంతే.

ఇన్ని చెప్పి భయపెట్టానేమో. సరేలే, మొదటి నెల అడుగు సమంగా ఉన్న రెండు గిన్నెలు, ఒక పెనంతో గడిచిపోతుంది. మే నెలలో కోర్సు అయిపోయిన పిల్లలు గిన్నెలన్నీ ఊరికే ఇచ్చేసి పోతారు. నా దగ్గరున్నవాటిలో సగం అట్లా వచ్చినవే.

ఆ తల్లి చివరికి బాణలి వదల్లేదు. పిల్లోడికి నా నంబర్ ఇచ్చా. వస్తే సంగటి గిన్నె నాది వాడుకోవచ్చు. తెడ్డు మాత్రం పెట్టెలో పెట్టమన్నా, నాకైతే ఇక్కడ ఇంతవరకు దొరకలేదు.