పడినవాడి కోసం దిగొద్దు: సీవోటూ ట్యాంకర్లు తిరిగే దారుల్లో జాగ్రత్తలు

పోయిన వారం వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. హైవే పక్క పల్లంలోకి ఒరిగిన ట్యాంకర్, దాని కింద నుంచి తెల్లగా పాకుతున్న మంచు. ఇద్దరు కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు పైకెత్తి అందులో మోకాళ్ళ లోతున నడుస్తున్నారు. "ఏసీలో ఉన్నట్టుందిరా" అని వెనక నుంచి ఒకడి నవ్వు. ఆ పూట గాలి బాగా తోలింది కాబట్టి వాళ్ళకేం కాలేదు. కానీ ఆ వీడియో కింద పడ్డ నవ్వు బొమ్మలు చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా మన దగ్గర తుపాన్లు, ఆ తర్వాత గాలి కదలని తెల్లవారుజాము పొగమంచు. ఈ గ్యాస్‌కు ఇంతకన్నా చెడ్డ కాలం ఉండదు.

ఆ ట్యాంకర్‌లో ఉన్నది లిక్విడ్ కార్బన్ డయాక్సైడ్. ఫ్యాక్టరీల్లో అందరూ సీవోటూ అనేది. కూల్‌డ్రింకులో పొంగేదీ, మనం బయటికి వదిలే ఊపిరిలో ఉండేదీ అదే కాబట్టి ఎవరికీ లెక్కలేదు. క్లోరిన్ అంటే పరిగెత్తేవాళ్ళు దీని పేరు చెబితే నవ్వుతారు.

ఇకముందు ఇది మన రోడ్ల మీద ఎక్కువగా కనబడవచ్చు. ఉక్కు, సిమెంటు, కరెంటు ప్లాంట్ల పొగలోంచి సీవోటూను పట్టి భూమిలోకి పంపే పనులకు, దాన్ని వాడుకునే పనులకు 2026-27 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్ళకు 20 వేల కోట్ల రూపాయలు ప్రతిపాదించారు. పట్టింది ఎక్కడ దాచాలన్నది వేరే సంగతి. దానికి 800 మీటర్ల కన్నా లోతున సందులున్న ఇసుకరాయి, దాని మీద మూతలా గట్టి పొర కావాలి. శ్రీకాకుళం, విజయనగరం కింద ఎక్కువగా ఉన్నది తూర్పు కనుమల ఖోండలైటు, చార్నొకైటు. సందుల్లేని అంత గట్టి రాయి ఈ పనికి రాదు. కాబట్టి గరివిడిలోనో బొబ్బిలిలోనో ఫ్యాక్టరీ దగ్గర పట్టినా మోసుకుపోవాల్సిందే, ట్యాంకర్లోనో పైపులోనో. ప్రమాదమంతా ఆ మోతలోనే.

హెల్మెట్, బూట్లు, స్పీడు లిమిట్ గురించి రాయను. అవి గేటు దగ్గర బోర్డు మీదే ఉన్నాయి.

మనుషుల్ని తీసుకుపోయే తప్పు

ఊళ్ళో పాడుబడ్డ నూతిలో మోటారు తీయడానికి ఒకడు దిగుతాడు. పలకడు. అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం బావ. మర్నాడు పేపర్లో మూడు ఫొటోలు. మనకిది కొత్త కాదు.

నేను ఫ్యాక్టరీల్లో సేఫ్టీ పని చేసినవాణ్ణి. నా కళ్ళముందు జరిగింది నూతిలో కాదు, వాల్వు గుంటలో. నిలువెత్తు లోతు కూడా లేదు, పైనున్నవాడు చెయ్యి చాస్తే లోపలివాడి తల తగులుతుంది. కాంట్రాక్టు కుర్రాడు అందులో నిలబడి బోల్టులు బిగిస్తున్నాడు. నిలబడినంతసేపూ బాగానే ఉన్నాడు. స్పానరు జారింది, తీయడానికి వంగాడు, మళ్ళీ లేవలేదు. వాల్వు దగ్గర సన్నగా లీకైన గ్యాస్ నడుం లోతు వరకే నిండి ఉంది. పైనున్నవాడు ఒక్క గెంతులో దిగి, చంకల్లో చేతులేసి ఎత్తబోయి అతని మీదే పడ్డాడు. మూడోవాడు దిగబోతుంటే ఫోర్‌మన్ చొక్కా పట్టి వెనక్కి లాగి చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆ రోజు అక్కడ సరిగ్గా జరిగిన సేఫ్టీ పని ఆ చెంపదెబ్బ ఒక్కటే. ఎయిర్ సిలిండర్లు తగిలించుకున్నవాళ్ళొచ్చి ఇద్దర్నీ తీశారు. మొదట పడినవాడు బతికాడు. కాపాడబోయినవాడు పోయాడు.

ఎందుకంటే బరువెత్తేవాడు గట్టిగా ఊపిరి పీలుస్తాడు, విషం అతనికే ఎక్కువ ఎక్కుతుంది. పైగా సీవోటూ ఎక్కువైన కొద్దీ ఒళ్ళే ఇంకా వేగంగా పీల్చమంటుంది. గాలిలో 3 శాతం దాటితే ఆయాసం, తలనొప్పి. 10 శాతం దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. 30 శాతం దగ్గర కొన్ని ఊపిరులే. ఊపిరి బిగబట్టి దిగి లాక్కొచ్చేస్తా అనుకునేవాళ్ళు ఒకసారి మంచం మీద నుంచి మనిషిని ఒంటరిగా ఎత్తి చూడండి, ఊపిరి బిగబట్టి.

పడినవాడి కోసం దిగొద్దు. తాడు, కొక్కెం, పైనుంచి లాగే మనుషులు. లేదంటే ఎయిర్ సిలిండర్ ఉన్నవాడు వచ్చేదాకా ఆగడం. మూడో దారి లేదు.

నమ్మకూడనివి

ముక్కు. "గురువుగారూ, వాసనే లేదు కదండీ" అన్నాడొక డ్రైవరు. అదే కదా భయం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు ఘాటుకూ కళ్ళమంటకూ లేచి జనం పరిగెత్తారు. దీనికి లేపే వాసన కూడా లేదు.

దీపం. నూతిలోకి లాంతరు దించి, ఆరకపోతే దిగడం మన పెద్దల పద్ధతి. ఈ గ్యాస్ విషయంలో దీపం ఆరేలోపే మనిషి పడిపోయే మోతాదు వచ్చేస్తుంది. దీపం వెలుగుతున్నా దిగొద్దు.

ఆక్సిజన్ మీటరు. చదువుకున్నవాళ్ళు పడేది ఇక్కడే. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, మీటరు 19.5కి కూస్తుంది. గాలిలో సీవోటూ 4 శాతం ఉంటే ప్రాణాపాయం కింద లెక్క. అప్పటికి ఆక్సిజన్ దాదాపు 20 దగ్గరే ఉంటుంది, మీటరు కిక్కురుమనదు. అది కూసేసరికి సీవోటూ దాదాపు 7 శాతానికి చేరి ఉంటుంది. అంచేత సీవోటూను విడిగా కొలిచే మీటరే కావాలి. లోపలికి దిగే పనికిచ్చే పర్మిట్ మీద సంతకం పెట్టే ముందు ఏ మీటరుతో చూశారో అడగండి.

తెల్లమంచు. కనబడేది గ్యాస్ కాదు, ఆ చలికి గాలిలో తేమ గడ్డకట్టడం. మంచు విడిపోయిన చోట కూడా గ్యాస్ ఉంటుంది, దాన్ని దాటి ముందుకూ పోతుంది. పొగమంచు రోజుల్లో ఏది ఏదో తెలియనే తెలియదు.

గుడ్డ మాస్కు, తడి తువ్వాలు, ఎన్ 95 దేనికీ పనికిరావు.

ట్యాంకర్ దగ్గర

లోపల దాదాపు 20 బార్ ప్రెషర్ (మన చుట్టూ ఉన్న గాలికి 20 రెట్లు), మైనస్ 20 డిగ్రీల చలి. ఒక లీటరు ద్రవం బయటికొస్తే 500 లీటర్లకు పైగా గ్యాస్. 20 టన్నుల ట్యాంకర్ ఖాళీ అయితే ఎకరం పొలం మీద మనిషి ఎత్తు మించి నిండుతుంది. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి నీళ్ళలా పల్లం వెతుక్కుంటుంది. 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లో నియోస్ సరస్సు అడుగు నుంచి ఇదే గ్యాస్ ఒక్కసారిగా పైకి తన్ని, లోయల వెంట దాదాపు 25 కిలోమీటర్లు పాకింది. 1,700 మందికి పైగా చనిపోయారు, చాలామంది నిద్రలోనే.

అంచేత బండి ఆపే చోటు చూడండి. అండర్‌పాస్ పక్కన, కల్వర్టు దగ్గర, డాబా హోటల్ వెనక గుంటలో ఆపొద్దు. మిట్ట మీద ఆపండి.

రెండు వాల్వుల మధ్య హోస్‌లో ద్రవాన్ని బిగించి వదిలేయొద్దు. ఎండకు అది పెరుగుతుంది, పెరగడానికి చోటు లేక హోస్ పగులుతుంది. ప్రెషర్ 5.2 బార్ కన్నా దిగనివ్వొద్దు. దిగితే లోపల ద్రవం గడ్డకట్టి డ్రై ఐస్ అవుతుంది, లైను మూసుకుపోతుంది. అది కరిగేదాకా ఆగండి. సుత్తి పట్టుకున్నారో, ముక్క తుపాకీ గుండులా బయటికొస్తుంది.

పైపు వచ్చే ఊళ్ళకు

2020 ఫిబ్రవరి 22న అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం సటార్షియా ఊరి దగ్గర 24 అంగుళాల సీవోటూ పైపు పగిలింది. వానలకు నాని కొండవాలు జారింది, అతుకు దగ్గర పైపు విడిపోయింది. దాదాపు 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆస్పత్రికి వెళ్ళారు. చావులు లేవు. కార్లు నడిరోడ్డు మీదే ఆగిపోయాయి, ఇంజనుకూ గాలి కావాలి కదా. పైపు పగిలిన సంగతిగానీ, అందులో ఉన్నదేమిటన్నదిగానీ కంపెనీ అక్కడి అత్యవసర సిబ్బందికి చెప్పలేదని ఆ తర్వాత విచారణలో తేలింది. ఏ గ్యాసో వాళ్ళు ఊహించుకోవలసి వచ్చింది.

ఇది చదివితే నాకు మన గెడ్డలు గుర్తొస్తాయి. వంశధార, నాగావళి గట్లు ఏటా ఎలా కోసుకుపోతాయో చూస్తున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి పోయాక ఉద్దానంలో దారులే మాయమయ్యాయి. గెడ్డ దాటే చోట పైపు ఎంత లోతున వేస్తున్నారు, వరద తీశాక ఎవరు చూస్తారు, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి అని గ్రామసభలో అడగండి. ఉద్యోగాలెన్ని అని అందరూ అడుగుతారు, ఇవి ఎవరూ అడగరు.

ఇక వరసగా చెప్పేస్తాను.

పైపు గుర్తు రాయి ఉన్న చోట కంపెనీ మనిషి లేకుండా జేసీబీ పెట్టొద్దు.

పెద్ద శబ్దంతో మంచు లేస్తే చూడ్డానికి వెళ్ళొద్దు. గాలి తోలే దిక్కుకు పక్కగా, మిట్ట మీదకి నడవండి.

మంచులోంచి బండి తోలొద్దు. మధ్యలో ఆగిపోతుంది.

ఇళ్ళు పల్లంలో ఉంటే తలుపులేసుకుని కూర్చోవడమా, పోవడమా అన్నది ముందే తేల్చుకోండి. ముసలివాళ్ళను ఎవరు ఎత్తుకెళ్తారో కూడా.

నేల మీద పడుకునేవాళ్ళకు, చంటిపిల్లలకు ముందు తగులుతుంది. ముందు వాళ్ళని లేపండి.

కాలువలో మేకలు పడిపోయి ఉంటే వాటి కోసమూ దిగొద్దు.

వాల్వు గుంట, సంపు, సెల్లారు: మీటరు లేకుండా తల కూడా వంచొద్దు.

లోపల మనిషి ఉంటే పైన మనిషి ఉండాలి. పైవాడి పని చూడ్డం, అరవడం, తాడు లాగడం. దిగడం అతని పని కాదు. అన్నయినా తమ్ముడైనా దిగొద్దు.

హెచ్చరిక పలక మీద 2187 ఉంటే అది లిక్విడ్ సీవోటూ. 112కి ఫోన్ చేస్తే ఆ నెంబరు ముందు చెప్పండి, తర్వాత గాలి ఎటు తోలుతోందో, ఎంతమంది పడ్డారో చెప్పండి. ఫోను మిట్ట ఎక్కాకే తీయండి.