హైవే ఎక్కేముందు: బండి సైజు ఒక్కటే చూస్తే చాలదు

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు ఎన్‌హెచ్ 16 మీద తిరిగేవాళ్ళకి చెప్తున్నా, పెద్ద బండి సేఫ్ అనేది సగమే నిజం. రెండు కార్లు ఎదురెదురుగా గుద్దుకుంటే బరువైన దాంట్లో ఉన్నవాళ్ళకి దెబ్బ తక్కువే, కానీ టెక్కలి గ్రానైట్ లారీ ముందు మీ ఎస్‌యూవీ కూడా చిన్నదే కదా, పైగా ఎత్తు బండిని సడన్‌గా తిప్పితే పల్టీ కొట్టే ఛాన్స్ ఎక్కువ.

కొనేటప్పుడు భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు చూడండి, అంటే కార్లని గుద్దించి చూసి సేఫ్టీకి ఇచ్చే రేటింగ్, ఇది 2023 అక్టోబర్‌లో మొదలైంది. ముందువైపు టెస్టు 64 స్పీడ్‌లో చేస్తారు, మీరు 100లో గుద్దితే ఆ స్టార్లు కాపాడతాయనుకోకండి. 60 నుంచి 80కి వెళ్తే గుద్దే శక్తి 1.8 రెట్లు దాకా పెరుగుద్ది.

అసలు విషయం డ్రైవరే. సంక్రాంతికి హైదరాబాద్‌లో డ్యూటీ దిగి అట్నుంచటే రాత్రంతా నడుపుకుంటూ వచ్చేస్తారు చూడండి, అది మానండి. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య నిద్ర ముంచుకొస్తుంది, ఏసీ పెంచినా పాటలు పెట్టినా ఆగదు. బంకులోనో ధాబా దగ్గరో ఆపి టీ తాగి 20 నిమిషాలు పడుకోండి, లేదా ఇంకొకరికి స్టీరింగ్ ఇవ్వండి. మందు తాగినోడికి మాత్రం ఇవ్వొద్దు, బావైనా సరే.

వెనక సీటోళ్ళు కూడా బెల్టు పెట్టాలి, పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకోవద్దు.