రోడ్డు పక్కన పూడ్చిన తాతను ఎలా వెతకాలి? స్పెయిన్ మనవలు నేర్చుకున్న పని

1936 జులైలో స్పెయిన్ సైన్యంలో ఒక వర్గం ఎన్నికైన ప్రభుత్వంపై తిరగబడింది. అంతర్యుద్ధం 1939 ఏప్రిల్ దాకా సాగింది. తిరగబడ్డవారే గెలిచారు. ఆ తరువాత వాళ్ల నాయకుడు జనరల్ ఫ్రాంకో 1975 నవంబరులో చనిపోయేవరకు నియంతృత్వమే. గెలిచినవారు తమ పక్షం మృతులను 1940లలోనే తవ్వి తీసి, పేర్లు చెక్కించి, గౌరవంగా ఖననం చేసుకున్నారు. ఓడినవారి శవాలు ఎక్కడ పడ్డవి అక్కడే ఉండిపోయాయి. అలా ఆచూకీ లేకుండా పోయినవారు 1,14,226 మంది అని 2008లో న్యాయమూర్తి బల్తాసర్ గార్థోన్ లెక్క తేల్చారు. ఆ విచారణ చేపట్టినందుకు చివరికి ఆయనే బోనెక్కాల్సి వచ్చింది. 2012లో నిర్దోషిగా బయటపడ్డారు. 1977 నాటి క్షమాభిక్ష చట్టం చంపినవారికీ రక్షణగా నిలిచిన దేశం మరి.

అక్కడి ఒక పల్లెలో మీరే మనవడో మనవరాలో అనుకోండి. పని ఇలా మొదలుపెట్టాలి.

1. ముందు లాలాజలం ఇప్పించండి

తవ్వకానికి ఏళ్లు పట్టవచ్చు, తొంభై ఏళ్ల మేనత్త అన్నాళ్లు ఆగలేదు. తాత సొంత బిడ్డల డీఎన్ఏ అన్నిటికన్నా పనికొస్తుంది. వాళ్లు లేకపోతే చుట్టరికాల పట్టిక వేయండి. కొడుకుల వరుసలో పుట్టిన మగవారు ఒక దారి. తాత అక్కచెల్లెళ్ల బిడ్డలు, అంటే ఆయన మేనల్లుళ్లు, మేనకోడళ్లు మరో దారి. తల్లి ద్వారా సంక్రమించే డీఎన్ఏ ఆయనకూ వాళ్లకూ ఒకటే.

2. ఊరి పెద్దలను అడగండి, కానీ నెమ్మదిగా

"ఎవరు చంపారు?" అని మొదలుపెడితే నోళ్లు మూతపడతాయి. చంపినవారి పిల్లలూ అదే ఊళ్లో, ఒక్కోసారి పక్కింట్లోనే ఉంటారు. "ఆ రోజుల్లో చీకటి పడ్డాక ఎటువైపు వెళ్లవద్దనేవారు?" అని అడగండి. మాటల్లో "పసేయో" వినిపిస్తే చెవి పెట్టండి. అర్థం షికారు. ఫలానా ఆయనను రాత్రి షికారుకు తీసుకెళ్లారంటే, ఊరి బయట కాల్చేశారని.

3. కాగితాలు

షికారుకు పోయినవారికి సాధారణంగా కాగితం ఉండదు. యుద్ధం ముగిశాక సైనిక కోర్టు శిక్ష వేసి చంపినవారికైతే కేసు ఫైలు, శ్మశానం రిజిస్టరు దొరకవచ్చు. వలెన్సియా పక్కన పాతెర్నా శ్మశానంలో అలా 2,238 మందిని పూడ్చారు. ఓడిన పక్షానికే చెందిన లియోన్సియో బాదియాకు అక్కడ కాటికాపరి పని అప్పగించారు. ఆయన శవాల మీది గుండీలు, గుడ్డపీలికలు, జుట్టు పాయలు దాచి భార్యలకు ఇచ్చేవాడు. కొందరి పక్కన పేరు రాసిన కాగితాన్ని చిన్న గాజుసీసాలో పెట్టి పూడ్చాడు. ఎప్పుడో ఎవరో తవ్వుతారని నమ్మిన మనిషి. ఏ ప్రభుత్వ దస్త్రం కన్నా నాకు ఆ సీసాల మీదే ఎక్కువ గౌరవం.

4. అనుమతి, డబ్బు

2000 అక్టోబరులో ప్రియరాన్సా దెల్ బియెర్సో అనే ఊళ్లో 13 మంది ఉన్న గుంటను తెరిపించింది ప్రభుత్వం కాదు, అందులో ఉన్న ఒకరి మనవడైన విలేఖరి ఎమిలియో సిల్వా, కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు. ఈ మృతుల స్మృతి కోసం చేసిన 2007 చట్టంతో సర్కారు నిధులు వచ్చాయి. 2013 బడ్జెట్‌లో ఆ పద్దు సున్నా అయింది. వెతకడం ప్రభుత్వ బాధ్యతేనని 2022 చట్టం తేల్చింది. దరఖాస్తు పెట్టడంలో ఆలస్యం చేయకండి, ప్రభుత్వం మారితే పద్దూ మారుతుంది.

5. తవ్వకం

జేసీబీ పైమట్టిని పలుచగా గీకుతుంది. ఒకసారి తవ్వి పూడ్చిన చోట మట్టి రంగు వేరుగా, వదులుగా కనిపిస్తుంది. అక్కడ యంత్రం ఆపి తాపీలు, బ్రష్షులు పట్టాలి. ఎముకలను వెంటనే తీయకూడదు. ఎవరు ఎవరి మీద పడ్డారు, చేతులు ఎటున్నాయి, తూటా ఎక్కడుంది, అన్నీ ఫొటో తీసి, గీసి పెట్టుకున్నాకే పైకి తీస్తారు. కుటుంబసభ్యులు గట్టు మీద కూర్చుని చూడవచ్చు. గొడుగు, నీళ్లు తెచ్చుకోండి.

6. జేబులు

చెప్పుల అడుగు, పెన్సిలు, దువ్వెన ఏది దొరికినా విడిగా ఉంచాలి. పాలెన్సియాలో పిల్లలు ఆడుకునే పార్కు కింద ఒకప్పటి శ్మశానం ఉంది. 2011లో అక్కడ ఒక స్త్రీ ఎముకల పక్కన రంగురంగుల గిలక్కాయ దొరికింది. 1936 సెప్టెంబరులో ఆమెను కాల్చినప్పుడు చిన్న కొడుకుకు తొమ్మిది నెలలు. 2019లో ఆ గిలక్కాయను అతని చేతికిచ్చేటప్పటికి అతనికి 83 ఏళ్లు.

7. ఫలితం

డీఎన్ఏ సరిపోతే, పేరు రాసిన చిన్న పెట్టె మీ చేతికిస్తారు. ఊరి శ్మశానంలో ఖననం చేసుకోవచ్చు. సరిపోకపోతే ఎముకలకు నంబరు వేసి భద్రపరుస్తారు. మీ నమూనా డీఎన్ఏ బ్యాంకులోనే ఉంటుంది, మరో గుంట తెరిచినప్పుడు మళ్లీ పోల్చి చూస్తారు. ఈలోగా ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా ఆ బ్యాంకువారికి తెలియజేయండి.