కామన్ మార్మన్ ఆడ సీతాకోకచిలుకను గుర్తుపట్టడం ఎలా?

పెరట్లో కరివేపాకు చెట్టో నిమ్మ చెట్టో ఉన్నవారు కామన్ మార్మన్‌ను వెతుక్కుంటూ అడవికి వెళ్లనక్కరలేదు. నల్లని వెనుక రెక్కల మీద అడ్డంగా తెల్లమచ్చల వరుస ఉండే మగదానిని ఒకసారి చూస్తే చాలు, మళ్లీ పొరబడరు. చిక్కంతా ఆడదానితోనే, ఎందుకంటే మన దేశంలో దానికి మూడు రూపాలున్నాయి.

సైరస్ రూపం మగదానిలాగే ఉంటుంది. స్టికియస్ రూపం వెనుక రెక్కల నడుమ తెల్లని మచ్చతో, అంచున ఎర్రని నెలవంకలతో కామన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుకను అనుకరిస్తే, రోములస్ రూపం ఎర్రచుక్కల వరుసలతో క్రిమ్సన్ రోజ్ అనే ఇంకో సీతాకోకచిలుకను అనుకరిస్తుంది. గొంగళిపురుగులుగా ఉన్నప్పుడే ఈశ్వరి జాతి మొక్కలను తిని విషాన్ని ఒంట నింపుకునే ఆ రోజ్‌లను పక్షులు ముట్టవు కనుక, విషం లేని మార్మన్‌కు ఆ వేషమే రక్షణ.

కాబట్టి రెక్కలను నమ్మకండి, ఒళ్లు చూడండి. పువ్వు మీద వాలినప్పుడు పక్కనుంచి గమనిస్తే రోజ్‌లకు తల, పొట్ట ఎర్రగా కనిపిస్తాయి. మార్మన్ ఒళ్లు నల్లగానే ఉంటుంది. ఫొటో తీసేవారు పైనుంచే కాక పక్కనుంచి కూడా ఒకటి తీయడం తప్పనిసరి, లేకపోతే తరువాత ఎంత పెద్దది చేసి చూసినా సందేహం తీరదు. కదిలిస్తే రోజ్ తాపీగానే సాగుతుంది, మార్మన్ వంకరటింకరగా దూసుకుపోతుంది.

ఎక్కడ చూశారో కూడా రాసుకోండి. క్రిమ్సన్ రోజ్ విరివిగా ఉండే దక్షిణ భారతంలో, శ్రీలంకలో రోములస్ రూపం బాగా కనిపిస్తుంది. అయితే కామన్ మార్మన్‌లో ప్రాంతాన్ని బట్టి ఉపజాతులూ ఉన్నాయి, భారత ప్రధాన భూభాగపు ఉపజాతికీ రోములస్ అనే పేరు. అండమాన్‌లోది స్టికియాయిడీస్, నికోబార్‌లోది నికోబారస్. రూపం వేరు, ఉపజాతి వేరు అన్నది మరచిపోతే నమోదు తప్పుతుంది.

రూపాలన్నీ దగ్గరగా చూడాలంటే కరివేపాకు లేత చిగుళ్ల మీద ఒంటరిగా అంటిన లేతపసుపు గుడ్డును వెతకండి. పిల్లపురుగు పక్షి రెట్టలా ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనుక నుంచి ఎర్రని జంటకొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది. పురుగుమందు కొట్టని ఆకులే వేసి పెంచితే, ఒకే తల్లి గుడ్ల నుంచి వేర్వేరు రూపాల ఆడవి బయటికి రావచ్చు.