ఛార్టర్ కంపెనీ ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో చేరుతున్నారా? ముందు విమానాలు లెక్కపెట్టండి

"ట్రైనింగ్ మా దగ్గరే, లైసెన్స్ రాగానే ఉద్యోగం మా ఛార్టర్ కంపెనీలోనే" అనే మాట వినడానికి బాగుంటుంది. (ఛార్టర్ కంపెనీ అంటే విమానాలను అద్దెకు నడిపే కంపెనీ.) కొన్నిచోట్ల నిజం కూడా. ఆ మాట నమ్మి మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఉన్న ప్లాటు అమ్మే ముందు ఈ వరసలో వెళ్లండి.

ముందు మెడికల్, తర్వాతే డబ్బు

ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ వాళ్లకు ఇబ్బంది లేదు. సీఈసీ చదివినవాళ్లు ఆ రెండు సబ్జెక్టులు ఓపెన్ స్కూల్ ద్వారా రాసుకోవచ్చు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు, అంటే సీపీఎల్‌కు, 18 ఏళ్లు నిండాలి.

హైదరాబాద్‌లో డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి. అది రాగానే ఆగిపోకుండా సీపీఎల్‌కు కావాల్సిన క్లాస్ 1కు కూడా వెళ్లండి. బెంగళూరులోని వైమానిక దళ ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ లాంటి ఆమోదిత కేంద్రాల్లో ఈ పరీక్షలు చేస్తారు. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన తీసేయరు. రంగులు గుర్తుపట్టే పరీక్ష కూడా ఉంటుంది. క్లాస్ 2తో స్కూల్లో చేరి, సగం ఫీజు కట్టాక క్లాస్ 1లో ఫెయిలైతే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

పేపర్లు ఇంటి దగ్గరే పూర్తి చేయండి

డీజీసీఏ ఆన్‌లైన్‌లో కంప్యూటర్ నంబర్ తీసుకుంటే పరీక్షలు రాయవచ్చు. నావిగేషన్, మెటియొరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ ఉంటాయి. పాస్ కావాలంటే 70 శాతం రావాలి. రేడియో మాట్లాడే లైసెన్స్‌కు పరీక్ష వేరు. ఇంగ్లిష్‌లో కనీసం లెవల్ 4 కావాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు భయపడేది వ్యాకరణానికి, కానీ తడబడేది రేడియోలో గబగబా వచ్చే మాటను విని తిరిగి అప్పజెప్పడం దగ్గర. దానికి రోజూ వినడమే మందు.

పేపర్లు పాసయ్యాకే ఫ్లయింగ్‌లో చేరండి. లేకపోతే విమానం ఉన్న రోజు మీకు పరీక్ష, పరీక్ష లేని రోజు విమానం రిపేర్‌లో ఉంటుంది.

స్కూల్ ఎంచుకునేటప్పుడు చేయాల్సిన లెక్క

ఇక్కడ తొందర వద్దు. సీపీఎల్‌కు 200 గంటలు ఎగరాలి. ఒక స్కూల్లో 60 మంది విద్యార్థులు ఉన్నారనుకోండి, మొత్తం 12,000 గంటలు. ఎగిరే స్థితిలో 5 విమానాలు ఉండి, ఒక్కోటి రోజుకు 4 గంటల చొప్పున నెలకు 22 రోజులు తిరిగితే 440 గంటలు వస్తాయి. 12,000ను 440తో భాగిస్తే 27 నెలలు. బ్రోషర్‌లో "12 నెలల కోర్సు" అని రాసి ఉంటే ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తారో అడగండి.

హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపే షెడ్డులో, కనిపించే విమానాలన్నీ లెక్కలోకి రావు. ఇంజిన్ విడిభాగాల కోసం ఆగిపోయినవి, బీమా అయిపోయినవి కూడా అక్కడే నిలబడి ఉంటాయి. నిన్నటి ఫ్లయింగ్ షెడ్యూల్ చూపించమనండి. ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమందో, అందులో ఛార్టర్ డ్యూటీకి కూడా వెళ్లేవాళ్లు ఎంతమందో అడగండి. ఛార్టర్‌తో కలిసిన స్కూళ్లలో అసలు చిక్కు ఇదే. ఎన్నికల సీజన్ రాగానే ఇన్‌స్ట్రక్టర్ నాయకుల విమానం ఎక్కుతాడు, మీరు బ్రీఫింగ్ రూంలో కూర్చుంటారు.

డీజీసీఏ 2025 అక్టోబర్ నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ఏడాదికి రెండుసార్లు ర్యాంకులు ఇస్తోంది, అవి చూడండి. భద్రత గురించి అడగడానికి మొహమాటం వద్దు. 2022 ఫిబ్రవరిలో మన నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలోనే శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ చనిపోయింది.

 

అప్పు లెక్క

మన దేశంలో సీపీఎల్‌కు సుమారు 40 నుంచి 60 లక్షలు అవుతుంది. విద్యారుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా తనఖా అడుగుతుంది. పట్టాదార్ పాస్‌బుక్ పట్టుకెళ్తే మేనేజర్ ఉత్సాహం చూపించడు, ఎందుకంటే అప్పు కట్టకపోతే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఇల్లు, రిజిస్టరైన ప్లాటు అయితే పని నడుస్తుంది.

వాయిదాలు మామూలుగా కోర్సు కాలం ప్లస్ ఏడాది తర్వాత మొదలవుతాయి. అడ్మిషన్ లెటర్‌లో ఒక ఏడాది అని రాసి, నిజంగా మూడేళ్లు పడితే, లైసెన్స్ కంటే ముందే ఈఎంఐ వస్తుంది. ఫీజు ఒకేసారి కట్టకండి. ఎగిరిన గంటలకు తగ్గట్టు కట్టేలా ఒప్పందం రాయించుకోండి. ఇంధనం ధర పెరిగితే తేడా ఎవరు భరిస్తారో కూడా అందులో ఉండాలి.

200 గంటల్లో ఏమేమి ఉండాలి

పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మీదే అయ్యేలా, 100 గంటలు ఉండాలి, అందులో 15 గంటలు దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లోవే కావాలి. క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి దూరంగా మరో చోటికి ఎగరడం, 20 గంటలు, అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 556 కిలోమీటర్లు, మధ్యలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డ్‌లలో దిగి. రాత్రి 5 గంటలు, 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు. చాలా చిన్న రన్‌వేలకు రాత్రి లైట్లు లేవు కాబట్టి స్కూల్ మిమ్మల్ని బ్యాచ్‌గా వేరే ఊరికి తీసుకెళ్తుంది. ఆ బ్యాచ్ నిండేదాకా నెలలు గడిచి, పైన చెప్పిన ఆరు నెలల గడువు జారిపోతుంది. మొదట వేసుకోవాల్సింది ఈ రాత్రి గంటల తేదీనే.

లాగ్‌బుక్‌లో ఎగరని గంట ఒక్కటీ రాయనివ్వకండి. 2011లో నకిలీ పత్రాలతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు అరెస్టయ్యారు.

"ఉద్యోగం గ్యారంటీ" మాటను విప్పి చూడండి

ఛార్టర్ కంపెనీకి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ (టైంటేబుల్ లేకుండా అద్దెకు విమానాలు నడిపే అనుమతి) ఉందా, డీజీసీఏ జాబితాలో ఎన్ని విమానాలు చూపిస్తోంది? మళ్లీ అదే లెక్క. మూడు విమానాలున్న కంపెనీకి కో పైలట్లు ఆరుగురో ఎనిమిది మందో చాలు. స్కూల్ నుంచి ఏటా 40 మంది బయటికొస్తే మిగతావాళ్లు ఎక్కడికి? గత రెండేళ్లలో ఎవరిని తీసుకున్నారో అడిగి, వాళ్లతో ఫోన్లో మాట్లాడండి. ఫీజు కట్టకముందే ఆఫర్ లెటర్ చదవండి. జీతం, బాండ్ ఎన్నేళ్లు, టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడపడానికి అర్హత) ఖర్చు ఎవరిది, బాండ్ మధ్యలో వదిలితే ఎంత కట్టాలి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

ఛార్టర్లు సాధారణంగా కింగ్ ఎయిర్ లాంటి రెండింజిన్ల విమానాలు నడుపుతాయి. మల్టీ ఇంజిన్ రేటింగ్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) లేకుండా వెళ్తే తలుపు తెరవరు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు ఏడాది మాత్రమే. ఉద్యోగం కోసం ఎదురుచూస్తుండగా అది అయిపోతే మళ్లీ మీ డబ్బుతోనే చెక్ ఫ్లైట్.

కో పైలట్ సీటు వెంటనే రాకపోతే ఖాళీగా ఇంట్లో ఉండకండి. అదే స్కూల్లో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి పిల్లలకు నేర్పండి. గంటలు పెరుగుతాయి, రేటింగ్‌లు బతికి ఉంటాయి, ఛార్టర్ చీఫ్ పైలట్ మిమ్మల్ని రోజూ చూస్తాడు. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు కావాల్సిన 1,500 గంటల వైపు నడక అక్కడి నుంచే మొదలవుతుంది.