కతోలిక సభలో (చర్చిలో) చేరాలనుకునే ఇంటర్ పిల్లలకి

ఇంట్లో చెప్పకుండా జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. కుదరదు, కుదిరినా వద్దు.

విజయవాడలో మేరీమాత గుడి ఉన్న గుణదల కొండకు దగ్గర్లోని మా విచారణలో (పారిష్‌లో) ఆదివారం పూట నేను సత్యోపదేశం (మత పాఠాలు) చెబుతాను. పుట్టింది హిందూ ఇంట్లో. ఇంటర్‌లో ఉండగా ఈ ఆలోచన మొదలై, డిగ్రీలో జ్ఞానస్నానం తీసుకున్నాను. అందుకే ఇలాంటి పిల్లలెవరైనా వస్తే ఫాదర్ గారు "మేడమ్‌తో మాట్లాడమ్మా" అని నా వైపు చూపిస్తారు. వాళ్లతో చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. గుంటూరు వాళ్లకు పీఠం (డయోసిస్) వేరు, మేత్రాణులు (బిషప్) వేరు. పద్ధతి మాత్రం రెండు చోట్లా ఇంచుమించు ఇదే.

ముందు కొన్నాళ్లు ఊరికే చర్చిలో పూజకు (మాస్‌కి) వెళ్లండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఇంటికి దగ్గర్లో ఏ ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) చర్చి ఉంటే అదే. చెప్పులు బయట విడవాలా వద్దా అన్నది గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. వెనక వరసలో కూర్చుని, అందరూ లేచినప్పుడు లేవండి, మోకరించినప్పుడు మోకరించండి. సత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కి) లైన్ కట్టినప్పుడు మాత్రం కూర్చున్నచోటు నుంచి కదలొద్దు. పక్కనున్న పెద్దావిడ ప్రేమగా "రామ్మా, పర్లేదు" అని భుజం తట్టినా సరే. గుళ్లో ప్రసాదంలా వచ్చినవాళ్లందరికీ పంచేది కాదది. జ్ఞానస్నానం అయ్యి, సిద్ధపడినవాళ్లు మాత్రమే తీసుకోవాలి.

గుణదల తిరునాళ్లు చూసి మనసు పారేసుకుని వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఆ కొండ సందడి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, మోకాళ్ల మీద మెట్లెక్కేవాళ్లు. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు అక్కడ మాత విగ్రహం పెట్టించారు. ఇప్పుడు హిందువులు కూడా బోలెడంత మంది వచ్చి మొక్కులు తీర్చుకుంటున్నారు, మళ్లీ హిందువులుగానే ఇంటికి వెళ్తున్నారు. వాళ్లనెవరూ మతం మారమనలేదు. మొక్కు వేరు, సభలో చేరడం వేరు. సీటొచ్చిందనో, జ్వరం తగ్గిందనో చేరతానంటే నేను ఇంకో ఏడాది ఆగమంటాను. తిరునాళ్లలో ఫాదర్ గారితో మాట్లాడదామని కూడా వెళ్లకండి. ఆ మూడు రోజులూ ఆయనకు ఊపిరాడదు.

కలవాలంటే మామూలు రోజుల్లో సాయంత్రం పూజ అయ్యాక మంచిది. ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు?" దీనికి జవాబు బట్టీపట్టి వెళ్లొద్దు. "యేసు ప్రభువే నిజమైన దేవుడని తెలుసుకున్నాను ఫాదర్" అని గడగడా చెప్పేవాళ్లకన్నా, "పూజలో కూర్చుంటే లేచి రాబుద్ధి కావట్లేదు, ఎందుకో తెలియట్లేదు" అని నసిగేవాళ్లతోనే ఆయన ఎక్కువసేపు మాట్లాడటం చూశాను. వెనకాల ప్రేమ వ్యవహారం ఏమైనా ఉంటే అదీ దాచకుండా చెప్పెయ్యండి. ఎలాగూ బయటపడుతుంది. దీనికి ఫీజంటూ ఏమీ ఉండదు. ఎవరైనా డబ్బు అడిగినా, చేరితే డబ్బో సీటో ఇప్పిస్తామన్నా అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

ఇంట్లో ముందే లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు సంఘాలకు వెళ్లేవాళ్లయితే మీ దారి చాలా దగ్గర. గుంటూరులో 1842 నుంచీ లూథరన్ మిషన్ ఉంది కాబట్టి అటు నుంచి వచ్చే పిల్లలు ఎక్కువగా అలాంటి ఇళ్లవాళ్లే. నీళ్లతో, తండ్రి, కుమార, పవిత్రాత్మ నామాన బాప్తిస్మం అయి ఉంటే కతోలిక సభ దాన్ని ఒప్పుకుంటుంది, మళ్లీ ఇవ్వదు. మీ పాస్టర్ గారి దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోండి. దొరక్కపోతే కళ్లారా చూసిన ఒక్క సాక్షి చాలు. కొన్నాళ్లు నేర్చుకుని, పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి, అందరి ముందూ విశ్వాసం ఒప్పుకుంటే చేర్చుకుంటారు. ఒక్క యేసు నామంలోనే బాప్తిస్మం ఇచ్చే సంఘాల నుంచి వచ్చినవాళ్ల సంగతి వేరు. అది ఫాదర్ గారికి ముందే చెప్పాలి. బైబిలు కూడా కొత్తది కొనుక్కోవాలి. ఇంట్లో ఉన్నదాంట్లో 66 పుస్తకాలుంటాయి, కతోలికుల పవిత్ర గ్రంథంలో 73. తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు లాంటివి అందులోనే దొరుకుతాయి.

హిందూ ఇళ్ల పిల్లలకు అసలు కష్టం చర్చిలో ఉండదు, ఇంట్లో ఉంటుంది.

సభ చట్టం ప్రకారం ఏడేళ్లు నిండినవాళ్లు జ్ఞానస్నానం విషయంలో పెద్దవాళ్ల కిందే లెక్క. ఎవరికి వాళ్లు తమ నోటితో అడగాలి. ఈ మాట చెప్పగానే "నాకు పదహారు కదా మేడమ్, ఇంక నా ఇష్టమేగా" అంటారు. దేశ చట్టంలో పద్దెనిమిది నిండేదాకా మీరు మైనర్లే. అమ్మానాన్నల సంతకం లేకుండా మైనర్‌కి జ్ఞానస్నానం ఇచ్చే ఫాదర్‌ని నేనైతే చూడలేదు. ఇస్తే గొడవ ఆయన ఒక్కడితో ఆగదు. స్కూలు నడిపే సిస్టర్ల మీదకొస్తుంది, ఆ వీధిలో ఉన్న నాలుగు కతోలిక ఇళ్ల మీదకొస్తుంది. పద్దెనిమిది నిండాక నిర్ణయం మీదే, రాజ్యాంగంలో 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. అప్పుడు కూడా చెప్పే చెయ్యండి.

దసరా రోజుల్లో చెప్పొద్దు. రిజల్ట్స్ రోజు వద్దు. చుట్టాలున్నప్పుడు అసలే వద్దు. ముందు ఎవరు వింటారో మీకే తెలుసు, వాళ్లతో మొదలుపెట్టండి. కానీ అమ్మకు చెప్పి "నాన్నకు చెప్పకు" అని ఆవిడ నెత్తిన ఆ భారం పెట్టొద్దు. ఒకటి రెండు రోజుల తేడాతో ఇద్దరికీ తెలియాలి. వేరేవాళ్ల నోటి ద్వారా నాన్నకు తెలిస్తే ఆ కోపం మతం మీద కాదు, మీ మీద.

విగ్రహాల జోలికి వెళ్లొద్దు. "మన దేవుళ్లు" అంటూ మొదలుపెట్టారంటే ఇక ఆ రోజుకి మాటల్లేవు. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాల గురించి ఒక ప్రకటన ఇచ్చింది. అందులో హిందూమతాన్ని పేరు పెట్టి ప్రస్తావించి, ఈ మతాల్లో సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ సభ తోసిపుచ్చదని రాశారు. మహాసభే అనని మాట మీరు అమ్మతో ఎందుకనాలి?

మా అమ్మ ఏటా మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడే మనిషి. నేను చెప్పినప్పుడు ఏడవలేదు, తిట్టలేదు. "పొద్దున్నే లేస్తే దుర్గమ్మ కొండ కనిపించే ఇంట్లో పుట్టి, నీకు ఆ కొండ కావాల్సొచ్చిందటే?" అంది. చాలాసేపటికి మళ్లీ తనే, "అయితే ఇంక పులిహోర తినవా?" అనడిగింది. ఇంట్లోవాళ్ల దిగులంతా ఇలాంటి వాటి గురించే. పిల్ల పండగపూట అందరితో కలిసి కూర్చుంటుందా, పరాయిదైపోతుందా? అబ్బాయిల ఇళ్లలో అయితే "రేపు మాకు తద్దినం ఎవడు పెడతాడురా?" అంటారు. దీనికి తలదించుకుని ఊరుకోకుండా జవాబు చెప్పండి. కతోలికులు పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు, వాళ్ల పేరున పూజ పెట్టిస్తారు, నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్లు హిందువులైనా వాళ్ల కోసం పూజ చెప్పించుకోవచ్చు. ఒక నాన్నగారు ఇది విన్నాకే సంతకం పెట్టారు.

ఇంట్లో దేవుడికి పెట్టిన ప్రసాదం తినొచ్చా అన్నది మీ ఫాదర్‌ని అడగండి. వెళ్లేముందు పౌలు గారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో 8, 10 అధ్యాయాలు చదవండి, అక్కడున్నదీ ఈ సంగతే. తినకపోయినా చేత్తో తోసెయ్యడం మాత్రం వద్దు. నైవేద్యం కాకుండా ఎవరినీ గరిటె ముట్టనివ్వని మా అమ్మ, రెండో ఏడు వినాయక చవితికి, దేవుడి గదిలోకి వెళ్లకముందే ఓ చిన్న స్టీలు గిన్నెలోకి పులిహోర తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. "అది నీది" అంది, అంతే. అలాంటి గిన్నె ఒకటి మీ ఇంట్లో కూడా వస్తుందని నేను మాటివ్వలేను. కానీ అంతకుముందు ఏడాదంతా వాకిట్లో ముగ్గు నేనే వేశాను, అమ్మమ్మను బండి మీద గుడికి దింపి వచ్చాను. ఇవేవీ చెయ్యొద్దని మా ఫాదర్ గారు ఒక్కసారీ అనలేదు. బొట్టు తీసెయ్యాలా అని ఆడపిల్లలు అడుగుతారు. మా పూజకొచ్చే ఆడవాళ్ల నుదుట చూడండి, జడల్లో మల్లెపూలు చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక నేర్చుకునే కాలం. ఇది ఎంత లేదన్నా ఏడాది పడుతుంది. సిలువ గుర్తు, పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం నోటికి రావాలి. వాటికి నెల రోజులు చాలు. మిగతా కాలమంతా వాటి అర్థం తెలుసుకోవడానికే. కొన్ని నెలలయ్యాక చర్చిలో అందరి ముందూ నుదుట సిలువ గుర్తు వేసి మిమ్మల్ని జ్ఞానస్నానార్థులుగా స్వీకరిస్తారు. ఆ రోజు నుంచే సభ మిమ్మల్ని తన మనుషులుగా చూస్తుంది. జ్ఞానస్నానం కాకుండానే పోయినా కతోలిక పద్ధతిలో అంత్యక్రియలు చేస్తారు. కాబట్టి కంగారు పడాల్సిన పనేం లేదు. పద్నాలుగు దాటినవాళ్ల విషయం మేత్రాణుల దాకా వెళ్తుంది, ఆ కాగితాలు ఫాదర్ గారే చూసుకుంటారు.

మా ఊరి పిల్లలకు అసలు చిక్కు క్యాలెండర్‌తో. పాస్కకు (ఈస్టర్‌కి) ముందు వచ్చే తపస్కాలంలో మొదటి ఆదివారం ఎన్నిక (జ్ఞానస్నానానికి మిమ్మల్ని ఎంపిక చేయడం), మూడు, నాలుగు, అయిదు ఆదివారాల్లో ప్రత్యేక ప్రార్థనలు, పాస్క జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి, జ్ఞానస్నానం. పాస్క ఏటా మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య పడుతుంది. ఇంటర్ పరీక్షలు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే! ఎనికేపాడు, నిడమానూరు వైపు హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఆదివారం కూడా స్టడీ అవర్స్ ఉంటాయి, ఔటింగ్ దొరకదు. గోడ దూకి పూజకు రావడాలు, వార్డెన్‌తో అబద్ధాలు వద్దు. అలా వచ్చినవాణ్ణి ఫాదర్ గారు ఆటో ఎక్కించి వెనక్కి పంపేశారు. సెకండియర్‌లో ఉంటే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయిపోయాక మొదలుపెట్టండి. ఫస్టియర్ అయితే సెలవుల్లో సగం నేర్చుకోవచ్చు. పాస్క వచ్చే ఏడాది కూడా వస్తుంది. పరీక్ష పోయిందంటే ఇంట్లో ఆ నింద చర్చి మీద పడుతుంది.

జ్ఞానస్నానంలో మీకు తోడు నిలిచే జ్ఞాన తల్లినో తండ్రినో ఎంచుకునేటప్పుడు మీ క్లాస్‌మేట్‌ని అడక్కండి. పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అయిన కతోలికులై ఉండాలి. సొంత అమ్మానాన్నలు పనికిరారు. నా సలహా ఏంటంటే, మీ అమ్మ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి మాట్లాడగలిగే మనిషిని వెతుక్కోండి. మా జ్ఞానతల్లి మొదట చేసిన పని మా ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర గోంగూర పచ్చడి నేర్చుకోవడం.

కాగితాల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఎస్సీ పిల్లలు ఇది జాగ్రత్తగా చదవండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకు వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్, రేపటి ఉద్యోగం అన్నీ దీంతో ముడిపడి ఉన్నాయి. "సర్టిఫికెట్ అలాగే ఉంచుకో, ఎవరికి తెలుస్తుంది" అనేవాళ్లు చర్చి మెట్ల మీదే దొరుకుతారు. వాళ్ల మాట వినొద్దు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. అయినా అబద్ధపు కాగితంతో మొదలుపెట్టమని నేను చెప్పలేను. ఈ సంగతి ఇంట్లో కూర్చుని అమ్మానాన్నలతో కలిసి ఆలోచించుకోవాలి. పేరు సంగతికొస్తే, టెన్త్ మెమోలో పేరు మార్చుకోనక్కర్లేదు. జ్ఞానస్నానానికి ఒక పునీతుల (సెయింట్) పేరు తీసుకుంటారు, అది విచారణ రిజిస్టర్లో ఉంటుంది. కాలేజీలో మీరు మీరే.

జాగరణ రాత్రి ఇంటివాళ్లను పిలవండి. రామన్నా పిలవండి. చీకట్లో మొదలై చాలాసేపు సాగే పూజ అది, వాళ్లను ముందు వరసలో కాకుండా గాలి తగిలే చోట కూర్చోబెట్టండి. ఆ రాత్రే జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, మొదటి సత్ప్రసాదం మూడూ ఇస్తారు. సత్ప్రసాదానికి గంట ముందు నుంచీ నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. జ్ఞానస్నానంతోనే పాపాలన్నీ పోతాయి కాబట్టి దానికి ముందు పాపసంకీర్తనం ఉండదు. తల మీద నీళ్లు పోస్తారు, కాబట్టి మారు బట్టలు, తువ్వాలు తెచ్చుకోండి. జ్ఞానస్నానం అయ్యాక వేసే తెల్ల వస్త్రం ఎవరు తెస్తారో ముందే కనుక్కోండి, చివరి నిమిషంలో వన్‌టౌన్ కొట్ల వెంట తిరిగే టెన్షన్ ఉండదు.

తర్వాత వారంలో ఆఫీసుకెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి. పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో సరిపోయాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. పెళ్లప్పుడు ఇదే విచారణ నుంచి కొత్తగా తీసిన కాపీ అడుగుతారు. ఏ ఊళ్లో ఉన్నా మీ రిజిస్టర్ ఇక్కడే ఉంటుంది.